సూదుల వైద్యానికి నేనూ వెళ్లానక్కా

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ రోజు చింతామణిలో ఆ సూదుల వైద్యుడి దగ్గరికి వెళ్లొచ్చాను. శిడ్లఘట్ట రీలింగ్ యూనిట్లో పట్టు దారం తీసీ తీసీ నీకు పట్టేసిన కుడి భుజమే, ఇప్పుడు నాకూ పట్టేసింది.

అప్పట్లో నువ్వు రెండుసార్లు వెళ్లొచ్చి, "కొంచెం హాయిగా ఉండాది. ఇంకా నాలుగు తూర్లు రమ్మన్నాడు" అన్నావు.

"సూదులు గుచ్చించుకునేదానికి దుడ్డు పెడతారా ఎవురన్నా? దండగక్కా" అన్నాను నేను.

నువ్వు మళ్లీ ఆ ఊసెత్తలేదు. చివరిదాకా ఎడమ చేత్తోనే తల దువ్వుకున్నావు.

ఇది నాకు ఆరోసారి. నొప్పి పూర్తిగా పోలేదు గానీ, ఇవాళ చెయ్యి భుజం దాటి పైకి లేచింది. సూదుల వల్లో, అరగంట కదలకుండా పడుకోవడం వల్లో నాకు తెలియదు. సూదులు తీశాక వైద్యుడు భుజం మీద చెయ్యి వేసి, "ఇంకా యాడ నొస్తా ఉండాదమ్మా?" అని అడిగాడు.

నాకు ఏడుపు ఆగలేదు.

"అంత నొప్పా అమ్మా?" అని కంగారుపడ్డాడు.

"కాదప్పా" అన్నాను.

అన్నేళ్లు నీ పక్కనే పడుకున్నాను. ఎక్కడ నొప్పి అని నిన్ను ఒక్కసారీ అడగలేదక్కా.