డ్రైవ్‌వేలో పడుగు
శనివారం, హారిస్‌డేల్

పక్కింటి సెలార్మ్‌ది ఘనాలో ఎవే అనే తెగకి చెందిన నేత కుటుంబం. ఇవాళ ఇంటి ముందు మగ్గం వేసి, డ్రైవ్‌వే పొడవునా పడుగు దారాలు సాచి, చివర బరువుకి రాయి పెట్టి, వాళ్ళ రంగురంగుల కెంటే బట్టకి పట్టీ నేస్తున్నాడు. జానెడు వెడల్పు కూడా లేని పట్టీలో ఒక పక్షి బొమ్మ తేలుతోంది. నేసేకొద్దీ రాయి అతని వైపు జరుగుతోంది.

నేను దారాలు దాటకుండా చుట్టూ తిరిగి వెళ్తే నవ్వాడు. “మీ ఇంట్లోనూ దాటనివ్వరా, సిస్టర్?”

“దాటితే నాన్న తిట్టేవాడు. మగ్గం మీద కూర్చుంటే ఇంకా తిట్టేవాడు. అది అన్నయ్య చోటు.”

“మా ఊళ్ళోనూ అది మగవాళ్ళదే,” అంటూ లేచి తన చోటు చూపించాడు. “కమ్, సిట్.”

ఎన్నేళ్ళుగా కోరుకున్న చోటు. తీరా చూస్తే, పక్కనున్న పీట మీద కూర్చుని, చిన్నప్పటిలాగే కండెలకి దారం చుడుతున్నాను. నాకిచ్చిన చోటని అతనూ మళ్ళీ కూర్చోలేదు; పొద్దుగూకేదాకా ఆ మగ్గం ఖాళీగానే ఉంది.