పోయిన ఇరవై ఏడు డిగ్రీలు

నాన్నకి నమస్కారాలు.

ఇక్కడ అమ్మ, అమ్మమ్మ, నేను కులాసాగా ఉన్నాం. నువ్వూ అలాగే ఉన్నావని అనుకుంటున్నాను. కులాసాగా లేనిది ఒక్క నా బుర్ర. దాని సంగతి తర్వాత రాస్తాను, ముందు నీ ప్రశ్నలకి జవాబులు. లేకపోతే "అడిగింది వదిలేసి అడగనిది నాలుగు పేజీలు రాసింది" అంటావు.

అమ్మమ్మ మోకాలు మెల్లగా దారికొస్తోంది. మెట్లు అసలు ఎక్కొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు కాబట్టి రోజుకి రెండుసార్లే ఎక్కుతోంది. వంటింటి కుళాయి కారడం ఆగింది. నువ్వు రాసినట్టే వాషరు మార్చాను. మొదటిసారి తిరగేసి పెట్టాను, ఆ భాగోతం అమ్మ నీకు వేరే రాస్తుంది. మీ సైటులో ఫోను పనిచెయ్యదంటే అమ్మమ్మ ఇప్పటికీ నమ్మడం లేదు. నువ్వే తియ్యడం లేదని ఆవిడ అనుమానం. సరుకుల బండి డ్రైవరు చేతికి ఉత్తరం ఇచ్చినప్పుడల్లా "ఇది నిజంగా మా అల్లుడికేనా" అని అతన్ని నిలదీస్తోంది.

మావయ్య ఇంకా లాండ్రీ బాయిలర్ దగ్గరే ఉన్నాడా అని అడిగావు. ఈ రోజుకి ఉన్నాడు. నువ్వు పేరు పెట్టిన గడియారం కూడా ఉన్నాడు. నువ్వు పని నేర్పిన ఇద్దరూ అదే గదిలో, అవే రెండు స్టూళ్ల మీద ఉన్నారు. ఎంతకాలం ఉంటారన్న దాని గురించే ఈ ఉత్తరం.

"నీ ఉద్యోగం ఏమిటో నాకు అర్థమయ్యేలా ఒక్క ముక్కలో చెప్పు" అని కూడా రాశావు. సరే, నేను ఫ్యాక్టరీలకి సంబంధాలు చూస్తాను. ఒకరు పారేసేది ఇంకొకరికి పనికొస్తుందేమో కనుక్కుని ఇద్దర్నీ కలపడం. మనుషుల సంబంధాలే నయం నాన్నా, వాళ్లు కనీసం ఫొటో చూపిస్తారు. ఫ్యాక్టరీ వాళ్లు తమ చెత్తకుప్పని చచ్చినా చూపించరు.

ఈ ఆలోచన సీసాల ఫ్యాక్టరీ పెద్దాయనది. మన ఫ్యాక్టరీల వీధి సంఘానికి ఆయనే అధ్యక్షుడు, నన్ను పనిలో పెట్టుకున్నదీ ఆయనే. సీసాలు, లాండ్రీ, బిస్కెట్లు, అట్టపెట్టెలు, నలుగురు యజమానులు పాతికేళ్లుగా గోడకి గోడ ఆనుకుని ఉన్నారు. ఒకరి గేటు లోపల ఏముందో ఇంకొకరికి తెలియదు. మొదటి సమావేశానికి పెద్దాయన కుర్చీలు వేయించలేదు. అందర్నీ తన పెరట్లోకి తీసుకెళ్లి పొగగొట్టం కింద నిలబెట్టి, "పాతికేళ్లుగా నేను ఆకాశాన్ని వెచ్చబెడుతున్నాను. దానికి చలేస్తోందని నాతో ఎవరూ చెప్పలేదు" అన్నాడు. తన తప్పు తనే ముందు చెప్పుకునేసరికి మిగతావాళ్లు కూడా తలెత్తి ఆ పొగ వైపు చూశారు.

బిస్కెట్ల ఆయన మాత్రం లొంగలేదు. "మా విరిగిన ముక్కలెన్నో చెబితే మేం రోజుకి ఎన్ని చేస్తున్నామో లెక్క కట్టెయ్యగలరు. మా పోటీవాడు సరిగ్గా దానికోసమే కాచుకుని కూర్చున్నాడు" అన్నాడు. అప్పుడు పెద్దాయన నా వైపు చూపించాడు. "కొలతలన్నీ ఈ అమ్మాయే తీస్తుంది. ఏ ఫ్యాక్టరీకీ చెందని మనిషి. బల్ల దగ్గర చెప్పాల్సింది చెబుతుంది, మిగతాది దాని కడుపులోనే ఉంటుంది." నేను తల ఊపాను. ఆ ఊపిన తలని ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

మొదట చిన్నదానితో మొదలుపెట్టాం. అట్టపెట్టెల ఆయన పారేసే కత్తిరింపులు సీసాల మధ్య కుక్కడానికి పనికొచ్చాయి. దాంతో మిగిలేది పెద్దగా ఏమీ లేదు. నేను ముఖం చిన్నబుచ్చుకుంటే పెద్దాయన నవ్వాడు. "అట్టముక్కల కోసం కాదమ్మా. ఇప్పుడు వాళ్లిద్దరూ నన్నడక్కుండా ఒకరికొకరు ఫోను చేసుకుంటున్నారు, చూశావా?" అన్నాడు. చూశాను. పాతికేళ్లుగా లారీ ఎక్కడ ఆపాలన్న దాని మీద తప్ప మాట్లాడుకోని మనుషులు.

తర్వాత అసలు పని. సీసాల కొలిమి పొగగొట్టానికి నీళ్ల గొట్టాలు చుట్టి, ఆ వేడినీళ్లు గోడ దాటించి లాండ్రీకి ఇవ్వడం. ఆసుపత్రి దుప్పట్లు ఉతకడానికి డెబ్బై అయిదు డిగ్రీలు కావాలని నీకు తెలుసు, ఆ గదిలో పదకొండేళ్లు నువ్వే ఇచ్చావు. కొలిమి వేడి సరిపోతే లాండ్రీ బాయిలర్ ఆర్పెయ్యొచ్చు. రోజుకి రెండు బళ్ల కట్టెలు మిగులుతాయి, ఆ పొగా ఉండదు. మూడు రోజులు పరీక్షగా నడిపారు. లాండ్రీ వైపు పైపు చివర కొలిచే పని నాది. నివేదికలో యాభై అయిదు డిగ్రీలని వచ్చింది.

పెద్దాయన ముఖం చూడాల్సింది. నమ్మలేకపోయాడు. వేడి పోకుండా పైపులకి మళ్లీ దూది పట్టీలు చుట్టించాడు. మళ్లీ కొలిచినా అంతే అని చెప్పాను. లాండ్రీ ఆవిడ, "యాభై అయిదుకి మా బాయిలర్ ఎలాగూ వెలిగించాలి. సగం మీ వేడి, సగం మా కట్టెలు, ఈ సంసారం ఎందుకండీ" అంది. బిస్కెట్ల ఆయన తన కాగితాలు సంచిలో సర్దుకున్నాడు. నాలుగు నెలలుగా నలుగుర్నీ ఒక బల్ల దగ్గరికి తెచ్చిన మనిషి ఆ వారమంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

నాన్నా, ఇక్కడ కాస్త కూర్చుని చదువు. ఆ పైపు చివర నేను చూసింది ఎనభై రెండు. రాసింది యాభై అయిదు. ఆ తర్వాత రెండుసార్లు కొలిచినప్పుడూ అంతే చేశాను.

ఎందుకో నువ్వే అర్థం చేసుకుంటావు అని రాసి కొట్టేశాను, అది తప్పించుకోవడమే. మొదటి రోజు థర్మామీటరు పట్టుకుని నిలబడితే బాయిలర్ గది కిటికీ ఎదురుగా ఉంది. లోపల మావయ్య టీ గ్లాసు పట్టుకుని గడియారంతో ఏదో వాదిస్తున్నాడు. ఎనభై రెండంటే ఆ గదికి తాళం. నా చేతిలో పెన్ను ఉంది. ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఇంకో అంకె రాసేదాన్నో లేదో అది కూడా తెలియదు. చదువుకునే రోజుల్లో ఇలాంటి వాటి మీద ఎన్ని వ్యాసాలు రాశాను. అన్ని పరిశ్రమలూ చెయ్యి చెయ్యి కలపాలి అని ముగించేదాన్ని. ఆ చేతుల్లో ఒకటి మావయ్యదని అప్పుడు తోచలేదు.

మూడోసారి కొలిచి వెళ్లిపోతుంటే మావయ్య పిలిచాడు.

"ఏమే, ఇటు రా. ఎంత రాశావు?"

"యాభై అయిదు."

"యాభై అయిదు డిగ్రీల పైపు మీద చెయ్యి పెట్టి నేను అయిదు లెక్కపెడతాను. మీ నాన్న ఏడు లెక్కపెట్టేవాడు, బావ చర్మం వేరు. దీని మీద ఒకటి అనేలోపే చెయ్యి లాగేశాను. మరి నీ చదువేం చెబుతోంది?"

నేను థర్మామీటరు సంచిలో పెట్టుకున్నాను. గడియారం లేచి, మాకు వినపడేలా దగ్గి, బయటికి వెళ్లిపోయాడు. అతనికీ తెలుసన్నమాట.

"నేనడిగానా నిన్ను?" అన్నాడు మావయ్య. "నా కోసం నువ్వు దొంగ అంకె రాసే గతి పట్టిందా నాకు? బావకి తెలిస్తే నా ముఖం మీద ఏమంటాడు? పని నేర్చుకున్నవాడు ఇంకోచోట బతకలేడా?"

అలా చాలాసేపు తిట్టాడు. నాకు హాయిగా అనిపించింది, నిజం చెబుతున్నాను. ఇంక వెళ్లి సరిదిద్దుకుంటాను మావయ్యా అని లేచాను. తలుపు దాకా వచ్చాక, గేజి వైపు చూస్తూ, "సరే, రాసిందేదో రాశావు. ఇప్పుడు కెలక్కు" అన్నాడు.

అది తిట్టుకి చివరి మాటా, బతిమాలడమా? నేను రెండు రోజులు దాన్నే తిప్పి తిప్పి చూశాను. తిట్టినప్పుడు చెప్పింది నిజమా, తలుపు దగ్గర చెప్పింది నిజమా? రెండూ నిజమైతే నేనేం చెయ్యాలి? నువ్వుంటే అడిగేదాన్ని. ఉత్తరం రాసి జవాబు వచ్చేసరికి పదహారు రోజులు.

మూడో రోజు పొద్దున్న సీసాల ఫ్యాక్టరీకి వెళితే పెద్దాయన లేడు. పైకి చూడమన్నారు. డెబ్బై దాటిన మనిషి పొగగొట్టం నిచ్చెన మీద, నడుముకి తాడు కట్టుకుని, గొట్టాలు ఒక్కొక్కటీ తడుముతున్నాడు. పోయిన వేడి ఎక్కడ కారిపోతోందో వెతుకుతున్నాడు. కింద పనివాళ్లు నలుగురు తల పైకెత్తి చూస్తున్నారు. ఆయన వెతుకుతున్న ఇరవై ఏడు డిగ్రీలు నా సంచిలో ఉన్నాయి.

దిగాక చెప్పేశాను. ఆయన చేతులు తుడుచుకుంటూ నిచ్చెన కిందే కూర్చున్నాడు.

"ఇంకెవరికి తెలుసు?"

"బాయిలర్ దగ్గర ఇద్దరికి. అందులో ఒకాయన మా మావయ్యండీ. అక్కడ అంతకుముందు మా నాన్న."

"ఏ ఫ్యాక్టరీకీ చెందని దానివని కదా నిన్ను తెచ్చుకున్నాను."

"మీరు అడగలేదండీ."

"నువ్వు చెప్పలేదు." నడుముకి కట్టిన తాడు విప్పుకుంటూ, "అడగాల్సింది నేనేలే" అన్నాడు. "రేపు బల్ల దగ్గర నువ్వే చెప్పు. నేను చెబితే నిన్ను కాపాడినట్టయినా ఉంటుంది, గెంటేసినట్టయినా ఉంటుంది. రెండూ వద్దు."

మర్నాడు సమావేశం లాండ్రీలో, మడతపెట్టిన దుప్పట్ల దొంతరల మధ్య. చెప్పాను. బిస్కెట్ల ఆయన వెంటనే, "అయితే మా ముక్కల లెక్క కూడా ఇలాగే అల్లావా?" అన్నాడు.

"మీది నిజమేనండీ. మీవే అందరికన్నా ఎక్కువ విరుగుతున్నాయి."

అట్టపెట్టెల ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. ఇక నుంచి ఏ కొలతైనా నేను, వేరే ఫ్యాక్టరీ మనిషి ఒకరు కలిసి తియ్యాలని అక్కడే తేల్చారు. ఉద్యోగం పోలేదు, నమ్మకం సగమైంది. సగం ఎలా మిగిలిందో కూడా నాకు తెలియదు.

లాండ్రీ ఆవిడకి మాత్రం కోపం వేరే చోట వచ్చింది. "వాళ్లని తీసేస్తానని నీకెవరు చెప్పారు? నేనన్నానా?"

"మీరు అనలేదండీ. తీసేస్తాననీ అనలేదు, ఉంచుతాననీ అనలేదు. నాలుగు నెలలుగా ఈ బల్ల మీదికి వేడి వచ్చింది, నీళ్లు వచ్చాయి, అట్టముక్కలు వచ్చాయి. ఆ గదిలో ఇద్దరి మాట ఒక్కరోజూ రాలేదు."

పక్క గదిలో ఉతికే యంత్రం తిరిగి తిరిగి ఆగింది. చివరికి పెద్దాయనే నోరు విప్పాడు. "మావాళ్లకి నిప్పు తెలుసు, నీళ్లు తెలియవు. గొట్టాల్లో పేరుకునే సున్నం, పంపు, ఒత్తిడి, ఇవన్నీ కనిపెట్టుకుని ఉండే మనిషి ఒకడు కావాలి. ఆ మనిషి జీతం మేమూ లాండ్రీ కలిసి పెట్టుకుంటాం." లాండ్రీ ఆవిడ ఒప్పుకుంది. రెండో మనిషికి ఏదైనా పని చూస్తానంది గానీ మాట ఇవ్వలేనంది. అబద్ధం ఆడకుండా అంతవరకే చెప్పింది, దానికి ఆవిణ్ణి మెచ్చుకోవాలో తిట్టుకోవాలో కూడా తేలలేదు.

ఒకడు. నేను నిజం చెబితే ఇద్దరికీ పోతుందనుకున్నాను, అబద్ధంతో ఇద్దరూ ఉంటారనుకున్నాను. ఒకడు అన్నది నా లెక్కలో ఎక్కడా లేదు.

"మీ మావయ్యని పెడితే బంధువని అంటారు, ఇంకో ఆయన్ని పెడితే నీ మీద కక్షని అంటారు" అంది లాండ్రీ ఆవిడ. "ఇద్దరికీ పని నేర్పింది మీ నాన్న. ఆయన్నే అడుగుతాను. ఆయన ఎవరి పేరు రాస్తే వాళ్లే." ఆవిడ ఉత్తరం కూడా ఇదే బండిలో వస్తోంది.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. తిట్టలేదు. బట్టలు మడతపెడుతూ, "నీ ఉత్తరంలో నా మాట కూడా ఒకటి రాయి" అంది. రాస్తున్నాను: "తమ్ముడికి ఇద్దరు చిన్న పిల్లలున్నారని మరిచిపోవద్దు." రాశావా అని అడిగింది, రాశానన్నాను, కాబట్టి ఇది అబద్ధం కాదు. గడియారానికి ముగ్గురు. అది అమ్మ రాయమనలేదు, నేను రాస్తున్నాను.

మావయ్య నిప్పు ముందు ఎలాంటివాడో నీకు తెలుసు. మంట రంగు చూసి కట్టె ఎప్పుడు వెయ్యాలో చెప్పేస్తాడు. కానీ ఇప్పుడు కావలసింది నిప్పు కాదు. గంటగంటకీ నీళ్లు పరీక్షించి పుస్తకంలో రాసేవాడు ఆ గదిలో ఒక్కడే ఉన్నాడు, ఆ అలవాటుకే నువ్వు అతనికి గడియారమని పేరు పెట్టావు. నువ్వేం రాస్తావో నాకు తెలుసు. అమ్మకి తెలియదు. మావయ్యకి తెలుసనుకుంటాను, నిన్న దారిలో కనబడి "బావకి రాశావా" అని మాత్రం అడిగాడు, ఇంకేం అడగలేదు.

నేను చెప్పొచ్చేదేమిటంటే, ఏం చెప్పాలో నాకే తెలియదు. నేను పెన్ను పట్టుకున్నప్పుడు కిటికీలోంచి చూశాను, తప్పు రాశాను. నీకు అక్కడి నుంచి ఎవరూ కనబడరు. జవాబు ఎవరి పేరుతో వచ్చినా, ముందు నేనే మావయ్య ఇంటికి వెళ్లి చదివి వినిపిస్తాను. ఆ పని మాత్రం అమ్మకి వదలను.

ఇట్లు,
నీ జవాబు కోసం ఎదురుచూస్తూనే, అది కాస్త ఆలస్యమైతే బాగుండుననుకుంటున్న
నీ కూతురు