బళ్లారి కారు సరిహద్దు దాటింది

ఆపా, క్షేమంగా కర్నూలు చేరాను. ఫోనులో అరుస్తానంటావని కార్డు రాస్తున్నాను. బళ్లారిలో కొన్న పాత కారుకు అక్కడి ఆర్టీఓ, బండిని మన రాష్ట్రానికి తెచ్చుకోవచ్చని ఎన్‌ఓసీ ఇచ్చేదాకా వారం ఆగితే, మీరంతా పిచ్చోడన్నారుగా! సరిహద్దులో నా పేరు వినగానే పోలీసాయన, "బండి పక్కకు పెట్టు. ఎక్కడ కొట్టుకొచ్చావ్?" అన్నాడు. కాగితాల సంచి చేతిలో పెట్టాను. నువ్వు ఎండుమిరపకాయలు పోసిచ్చిన సంచే అది. తల దూర్చి ఏడు తుమ్ములు తుమ్మాడు. కళ్లు తుడుచుకుంటూ ఎన్‌ఓసీ, ఇన్సూరెన్సు, అమ్మకం కాగితం చూసి, "అన్నీ ఉన్నాయి, వెళ్లవయ్యా బాబూ!" అన్నాడు. చట్టం వాళ్ల అబ్బ సొత్తా ఆపా?

ఇక్కడి రైతు సభ ముగించుకుని శుక్రవారం ప్రత్తిపాడు వస్తాను. పత్తి తీత అయిందా? పిల్లలకు దీవెనలు. నీ కంటి ఆపరేషన్‌కు ఇక పక్కింటి బుల్లయ్యను జీపు అడగొద్దు. గుంటూరు మన కారులోనే వెళ్దాం, ముందు సీటు నీదే.

తమ్ముడు కలీం