ఫోన్ కవర్ వెనక

మే 4
ఇనుము చెక్కే లేత్ మెషీన్ వచ్చింది. ఆటో ట్రాలీలోంచి దించడానికి వీధిలో సగం మంది చెయ్యేశారు. బాగా పాతది. తుప్పు, జిడ్డు, కింద పొడుగ్గా ఉండే బెడ్ నిండా గీతలు. నాన్న దాని చుట్టూ చంటిపిల్లని చూసినట్టు తిరుగుతున్నాడు. ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ షెడ్లలో వేరేవాళ్ళ లేతుల మీద చేశాడు. ఇది మనది. ఇద్దరం కలిసి బాగుచేద్దాం రా, మొదటి కట్ నీదే అన్నాడు. ఊఁ అన్నా. నాకు ఎవరి ముందూ మాట రాదు కదా. అందుకే ఇక్కడ టైప్ చేస్తున్నా.

మే 6
రాడ్‌ని పట్టుకుని తిరిగే చక్ విప్పి డీజిల్లో నానబెట్టాం. చేతులు ఒకటే కంపు. సూపర్ డే.

మే 9
అక్కా బావా వచ్చారు. బావకి ఇక్కడ కొత్త ఉద్యోగం అంట. ఇల్లు దొరికేదాకా మాతోనే. నా రూమ్ వాళ్ళకి. నేను హాల్లో. సరే.
బావ పెరట్లో షెడ్డు చూడ్డానికొచ్చి, ఏంటి మావయ్యా, మ్యూజియంలోంచి ఎత్తుకొచ్చారా అన్నాడు. నాన్న పగలబడి నవ్వాడు. అదే నేనంటే నవ్వేవాడా? అసలు నేనెందుకంటాలే.

మే 12, సాయంత్రం
బావ ఆఫీసు నుంచి రాగానే ప్యాంటు మార్చుకుని నేరుగా షెడ్డుకే. స్పానర్ సైజులు కూడా తెలీవు. కానీ అడుగుతాడు. అదెందుకు మావయ్యా, ఇదెందుకు మావయ్యా. ఎవరైనా అడిగితే నాన్నకి చెప్పడం ఇంత ఇష్టమని నాకిప్పుడే తెలిసింది. బెడ్ చక్ దగ్గరే ఎందుకు ఎక్కువ అరుగుతుందో అరగంట చెప్పాడు. పనంతా అక్కడే జరుగుతుంది కాబట్టి అంట. నాకెప్పుడూ చెప్పలేదు. నేనెప్పుడూ అడగలేదనుకో. అడక్కపోతే చెప్పరా?
నన్ను మ్యూట్ బటన్ అని పిలుస్తున్నాడు. అక్క కూడా నవ్వింది.

మే 13
అల్లుడూ స్పానర్. అల్లుడూ ఇటు చూడు. అల్లుడూ టార్చ్ పట్టు. టార్చ్ నేను పట్టేవాణ్ణి.

మే 16
ఏంట్రా ముఖం అలా పెట్టావ్ అంది అమ్మ. కడుపులో మంట అన్నా. నీళ్ళు తాగమంది.

మే 18, ఆదివారం
ఇవాళ హెడ్ లేపాం. చక్‌ని తిప్పే పెద్ద డబ్బా అది, చాలా బరువు. చైన్ కట్టి ముగ్గురం లేపాం. నాన్న మంచినీళ్ళకి లోపలికెళ్ళాడు. హెడ్ కూర్చునే గాడిని బావ గుడ్డతో తుడుస్తున్నాడు. ఒక పక్కన అంటుకుని ఉన్న ఇత్తడి రేకు ఊడొచ్చింది. కాగితమంత పల్చన. చెత్త అనుకుని గుడ్డతో పాటు స్క్రాప్ డబ్బాలో పడేశాడు.
అది చెత్త కాదు. ప్యాకింగ్. హెడ్ వంకర లేకుండా కూర్చోడానికి పాత ఓనర్ పెట్టుకున్నాడు. చిన్నప్పుడు నాన్నకి క్యారేజ్ ఇవ్వడానికెళ్ళి ఫిట్టర్ పెడుతుంటే చూశా. నాన్న లేత్ నడిపేవాడే, విప్పి బిగించే పని ఆ ఫిట్టర్‌ది.
చెప్దామని నోరు తెరిచా. అప్పుడే నాన్న వచ్చి, అద్దంలా తుడిచావ్ అల్లుడూ అని బావ భుజం తట్టాడు.
నోరు మూసేశా.
ఎవరూ చూడనప్పుడు రేకు తీసి ఫోన్ కవర్ వెనక పెట్టా. హెడ్ దించి బిగించేశారు.

మే 24
పెయింట్ అయింది. గ్రే. కలర్ బావ సెలెక్షనే. కానివ్వండి. రేపు టెస్ట్ అంట. రేపు తెలుస్తుంది అద్దంలా తుడవడం అంటే ఏంటో.

మే 25, ఆదివారం
నాన్న ఒక రాడ్ బిగించి టెస్ట్ కట్ తీశాడు. మైక్రోమీటర్ పెట్టి చూస్తే ఒక చివర లావు, ఒక చివర సన్నం. టేపర్. మళ్ళీ తీశాడు. మళ్ళీ టేపర్. నాకు లోపల ఎంత చల్లగా ఉందో. ఇప్పుడు పడతాయి బావకి అని చూస్తున్నా.
బావని ఒక్క మాట అనలేదు. సాయంత్రం దాకా బోల్టులు విప్పాడు, బిగించాడు, విప్పాడు, బిగించాడు. చివరికి మైక్రోమీటర్ పెట్టెలో పెట్టేశాడు. మెషీన్‌ని అనడం ఎందుకు, నా కళ్ళు పోయాయి, నా చెయ్యి పోయింది అన్నాడు. ఈ వయసులో నాకెందుకొచ్చిన సరదా, ఎవరైనా అడిగితే ఇచ్చేద్దాం అన్నాడు.
ఇలా అనుకోలేదు నేను.

మే 26
నాన్న షెడ్డు తలుపు తియ్యలేదు. కిటికీ దగ్గర కూర్చుని చేతులు చూసుకుంటున్నాడు. తిప్పి, మళ్ళీ తిప్పి.
టైప్ చేస్తుంటే కవర్ కింద రేకు వేలికి తగుల్తోంది.

మే 27, ఉదయం 7
హెడ్ ఒక్కణ్ణే లేపలేను. ట్రై చేశా. ఇంకో మనిషి కావాలి. ఉన్నది ఒక్కడే. ఛీ.

మే 27, సాయంత్రం
బావ బైక్ ఆపుతుంటే గేటు దగ్గర నిలబడ్డా. మాట వస్తేగా. కవర్ ఊడదీసి రేకు చేతిలో పెట్టా. ఫోన్‌లో టైప్ చేసి చూపించా. ఇది నువ్వు పారేశావ్, నేను తీసి దాచా, కావాలనే, నాన్న చెయ్యి బానే ఉంది అని. రెండు లైన్లు చదవడానికి అంతసేపా. కొడతాడేమో అనుకున్నా. షర్ట్ మార్చుకొస్తా, చైన్ రెడీ చెయ్ అన్నాడు.
పెట్టేశాం. నాన్నని పిలిస్తే రానన్నాడు. బావే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. మావయ్యా, ప్యాకింగ్ రేకుని చెత్త అనుకుని నేనే పారేశా, మీవాడు డబ్బాలోంచి తీసి ఉంచబట్టి బతికిపోయాం అన్నాడు. అంతే. కావాలనే అన్నది మాత్రం మింగేశాడు.
నాన్న నా వైపు చూశాడు. ఎన్నాళ్ళకి. పక్కకి జరిగి, రా, నీ కట్ నువ్వు తీసుకో అన్నాడు.
తీశా. ఇనుము ఉంగరాల జుట్టులా చుట్టలు చుట్టుకుంటూ ఊడొచ్చింది. రెండు చివర్లా ఒకటే కొలత. నాన్న ఇంకోసారి కొలిచాడు. తర్వాత తన చెయ్యి చూసుకుని నవ్వాడు.
హ్యాపీనే. కానీ ఒకటి. మంచోడిగా ఉండడం కూడా బావకి నాకన్నా బాగా వచ్చు. ఆ మంట మాత్రం తగ్గట్లేదు.

జూన్ 1
నాన్న బజారుకెళ్ళాడు. బావా నువ్వొక కట్ తియ్ అన్నా. నోటితోనే అన్నా. హ్యాండిల్ రాంగ్ సైడ్ తిప్పాడు. ఇనుము కోసే టూల్ కొస ఠప్ మని విరిగింది. ముఖం తెల్లబోయింది పాపం.
ఇంకో టూల్ బిగించి ఇచ్చా. విరిగిన ముక్క ఫోన్ కవర్ వెనక ఉంది. నాన్నకి చెప్పను.