నా బదులు చెప్పిన జవాబు

గురజాల,
జూన్ 9

చెల్లెమ్మ హెప్సిబాకు, ప్రేమతో అన్నయ్య.

నువ్వు ఫోనెత్తవు కాబట్టి ఈ ఉత్తరం. టీచరువై ఉండి బడికి మళ్ళీ సెలవు పెట్టావట. ఏం రోగమని? షుగర్ లేదు, థైరాయిడ్ లేదు, రక్తం నిక్షేపంగా ఉంది. మొన్న నరసరావుపేటలో డాక్టరు, "మీ ఆరోగ్యం ఎట్లా ఉందనిపిస్తోందమ్మా?" అంటే నేల చూస్తూ కూర్చున్నావు. పరువు పోతుందని ఎప్పట్లాగే "బ్రహ్మాండంగా ఉందండీ" అని నేనే చెప్పాను. ఆయన రాసుకుని దిగులు మాత్ర సగం చేశాడు. ఈసారి పూర్తిగా ఆపిస్తాను. ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, బద్ధకానికీ జబ్బుకీ తేడా నాకు తెలియదా? లేచి స్నానం చేసి బడికి పో.

నీ మేలు కోరే
రాజారత్నం

నాదెండ్ల,
జూన్ 21

అన్నయ్యా,

ప్రియమైన అని రాద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు.

డాక్టరు అడిగింది నన్ను. మన ఇంట్లో ఆడదానికి నొప్పి ఎక్కడుందో కూడా మగవాళ్ళే చెప్పాలి. అమ్మ కాన్పు నొప్పులూ నాన్నే చెప్పి ఉంటాడు.

మాత్ర సగమయ్యాక పదిరోజులు తల దువ్వుకోలేదు. పదకొండో రోజు చచ్చిపోదామని సాగర్ కాలవ దాకా నడిచాను. పక్కింటి ధరణి చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చింది. నిన్న డాక్టరు దగ్గరికీ తనే తీసుకెళ్ళింది. "అస్సలు బాలేదండీ" అన్నాను. ఆయన కాగితం తిరగేశాడు. "మూడుసార్లూ బ్రహ్మాండమనే ఉందే. రక్తం సంగతి యంత్రం చెబుతుంది, మీకెట్లా ఉందో మీరే చెప్పాలి. రిపోర్టులు బాగున్నా, తన ఆరోగ్యం బాలేదనుకునే మనిషికి దిగులు తగ్గడం తరచు ఆలస్యమవుతుంది. తెలిసుంటే మందు తగ్గించేవాణ్ణి కాదు" అన్నాడు. ఆయనా ఘనుడే, నా మొహం ఎదురుగా పెట్టుకుని నీ మాట రాసుకున్నాడు.

మాత్ర మళ్ళీ నిండుగా రాశాడు. నువ్వు మాత్రం రావద్దు.

హెప్సిబా

గురజాల,
జూన్ 25

హెప్సీ,

నీ పొగరు చూడమని మీ వదినకి ఉత్తరం చదివి వినిపించబోయాను. కాలవ మాట వచ్చేసరికి కాగితం ఆమె చేతికిచ్చేశాను. మిగతాది ఆమే చదువుకుంది. చదివి, "నన్నడిగినా బాలేదనే చెప్తా. చానా ఏళ్ళయింది. నా జవాబు కూడా మీరే చెప్తిరి గదా" అంది.

పక్కవాడి జవాబు రాయొద్దని పిల్లల్ని బెత్తంతో కొట్టిన వెధవని నేను. నన్ను తిట్టు, తక్కువే. కానీ కాలవ వైపు వెళ్ళకు తల్లీ, నాకు భయంగా ఉంది.

సోమవారం మీ వదినను తీసుకొస్తున్నాను. మీ ఇద్దరూ డాక్టరు దగ్గరికి లోపలికి వెళ్ళండి. నేను రోడ్డు మీద టీకొట్టు దగ్గరుంటాను. లోపల ఏం చెప్పారో నాకు చెప్పకపోయినా పర్వాలేదు.

అన్న