ఒక్క చుక్క చాలు బావగారూ

బావమరిదికి,

అక్కడ అందరూ కులాసా అనుకుంటాను. ఫోను చేస్తే మీ అక్క ఎత్తి, నా గొంతు వినగానే పెట్టేస్తుందేమో. అందుకే ఉత్తరం. మా నీళ్ల పరీక్షల ల్యాబులో కంప్యూటరు మార్చారు. నువ్వు రాసిచ్చిన సెట్టింగుల స్క్రిప్టు నడిపితే నడుస్తోంది, ఏ తప్పూ చూపించదు. ఆ వెంటనే రిపోర్టుల స్క్రిప్టు నడిపితే, ఫోల్డరు ఎక్కడుందో తెలియదంటుంది. ఇప్పుడేగా చెప్పాం! ఏం చేయమంటావు?

నీ బావ

తా.క.: తాగుడు మానేశానని మీ అక్కకి చెప్పు. నమ్మదులే. అయినా చెప్పు.

*

బావగారికి నమస్కారాలు.

తప్పు మీది కాదు. స్క్రిప్టును ఊరికే నడిపితే, మీ షెల్, అదే మీరు కొట్టే ఆజ్ఞలు అందుకునే ప్రోగ్రాము, ఇంకో షెల్‌ని పుట్టించి పని దానికి అప్పగిస్తుంది. అది సెట్టింగులన్నీ నేర్చుకుని, పని కాగానే పోతుంది. నేర్చుకున్నదీ దానితోనే పోతుంది. అందుకని ల్యాబుకి వెళ్లగానే ముందు చుక్క వేయండి, తర్వాత స్క్రిప్టు పేరు కొట్టండి. చుక్క పడితేగానీ ఏదీ ఒంటబట్టదు.

మీ బావమరిది

తా.క.: ఒక్క చుక్క చాలు. పొరపాటున రెండు వేసేరు, నేరుగా పైకి పోతారు.

*

బావమరిదికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అది ముట్టనని మీ అక్కకి మాటిచ్చాను. దానివల్లే కదా ఆవిడ ఇల్లు వదిలి నీ దగ్గరికొచ్చింది! సొంత తమ్ముడివి, నువ్వే వేయమంటావా? అదీ పొద్దున్నే, ఆఫీసులో! రిపోర్టులు ఆగితే ఆగనీ, ఉద్యోగం పోతే పోనీ. ఆవిడ తిరిగొచ్చినా రాకపోయినా నేను ముట్టను. ఒక్కణ్నే కూచుని అన్నం తినడం ఎలా ఉంటుందో నీకేం తెలుసు?

బావ

తా.క.: పైకి పోతానని మా డాక్టరూ అన్నాడు. ఆయన కనీసం ఒక్కటి చాలనలేదు.

*

బావగారికి నమస్కారాలు.

అక్కకిచ్చిన మాటకీ దీనికీ సంబంధమేమిటో నా బుర్రకెక్కలేదు. మా ఆఫీసులో మేనేజరు దగ్గర్నుంచి అందరం పొద్దున్నే వేస్తాం. ఎవరి కాపురమూ కూలలేదు. చేత్తో వేయడానికి మనసొప్పకపోతే స్టార్టప్ ఫైల్లో రాసేయండి. షెల్ తెరవగానే ఆ ఫైలు చదువుకుంటుంది, చుక్క దానంతటదే పడుతుంది. మీకు తెలియను కూడా తెలియదు.

మీ బావమరిది

తా.క.: మీ ఉత్తరం అక్కకి చూపించాను. చదివి, గదిలోకెళ్లి తలుపేసుకుంది. అంతగా ఏముందండీ అందులో?

*

బావమరిదికి,

నీ ఉత్తరం, మీ అక్క ఒకేరోజు దిగారు. "మీ వాడు నాకు తెలియకుండా పోయించేస్తాడట" అని నేను మండిపడుతుంటే, ఆవిడ నవ్వలేక కూలబడింది. చుక్కంటే కీబోర్డు మీది ఫుల్‌స్టాపట, రెండు వేస్తే పోయేది పై ఫోల్డరుకట! నీ మొదటి ఉత్తరం పోస్టు చేసేముందు చదివి, ఈ చుక్కేమిట్రా అని నిన్ను అడిగి తెలుసుకుందటగా. నాకెలా అర్థమవుతుందో తెలిసే పోస్టులో వేసిందట, ఏం జవాబిస్తానో చూద్దామని. నాకు ఒళ్లు మండిపోయింది. "మీరు సరేనని ఉంటే ఏమైపోయేదాన్నో" అని ఆవిడ కళ్లు తుడుచుకుంది. ఇక కోపం పక్కనపెట్టి, లేచి రెండు కంచాలు పెట్టాను.

నీ బావ

తా.క.: ఇవాళ ల్యాబు నుంచి మీ అక్కకి ఫోను చేసి, "చుక్క వేశానోయ్, బ్రహ్మాండంగా ఉంది!" అని గట్టిగా చెప్పాను. మా ఆఫీసరు వచ్చి నా నోరు వాసన చూసి వెళ్లాడు.