నాలుగు తీగలే ఎందుకంటే

మందమర్రి,
19 నవంబరు 1967, ఆదివారం

సంతోషమ్మకు,

నీ పెనిమిటి తోమాసు ప్రభువు పేరట వందనాలు చెప్పి రాసేది. ఇక్కడ నేను బాగున్నాను. పక్కింటి దుర్గవ్వ బాగుంది. నువ్వు వదిలిపోయిన రెండు కోళ్లూ బాగున్నాయి, కాకపోతే ఎర్రది గుడ్డు పెట్టడం మానేసింది, తిండి మాత్రం మానలేదు. అక్కడ కరీంనగర్ దవాఖానలో నీకూ, నీతోపాటు నర్సు పని నేర్చుకునే పిల్లలకూ ఏ లోటూ రావద్దని రోజూ వేడుకుంటున్నాను.

నీ జాబు బుధవారం అందింది. నాలుగు ప్రశ్నలు అడిగావు. మూడింటికి హాయిగా జవాబు రాస్తాను. "ఆరు తీగల గిటారు లోకమంతా ఉండగా నాలుగు తీగలదే ఎందుకు తెచ్చుకున్నావు?" అన్నదానికి మాత్రం చివర రాస్తాను. అందులో నా కొలువు ఉంది, ఎల్లేశంతో స్నేహం ఉంది, నీ దగ్గర నా మొహం చెల్లడం ఉంది. ముందుకు దూకి చదవకు. నీ గుణం నాకు తెలుసు.

మొదటిది, తిండి. తింటున్నాను. దుర్గవ్వ పొద్దున రెండు జొన్నరొట్టెలు పంపుతుంది, రాత్రికి నేనే వండుకుంటాను. నా పప్పు తిని ఎల్లేశం "గిది పప్పా, గనిల నీళ్లా?" అన్నాడు. అన్నాడే కానీ రెండుసార్లు పెట్టించుకున్నాడు.

రెండోది, నేను జూలైలో కొట్టుకున్న పెట్టె ఏమైందని అడిగావు. అది నీకు సరిగ్గా రాయనే లేదు. గనికి మందుగుండు వచ్చే చెక్కపెట్టెలు తెలుసు కదా, మన కాలనీలో పీటలన్నీ, కోళ్లగూళ్లన్నీ వాటివే. అందులో ఒకటి బోర్లించి, కట్టె నిలబెట్టి, పారేసిన గంటతీగ ముక్క బిగించి లాగాను. ధుం అని మోగింది. పొట్టలో మోగింది సంతోషమ్మా. చిన్నప్పటి నుంచి పాటలు విన్నాను కానీ పాట పొట్టలోకి రావడం అదే మొదలు.

ఆదివారం దాన్ని గుడికి మోసుకుపోయాను. పేతురన్న హార్మోనియం అందుకున్నాడు, పాట ఎత్తుకున్నారు. మొదటి చరణం చివర నేను గట్టిగా ఒక్కటి మీటాను. అంతే, మగవాళ్ల గొంతులన్నీ టక్కున ఆగిపోయాయి. ఆడవాళ్లు మాత్రం పాడుతూ పోయి, వెనక్కి చూసి వాళ్లూ ఆగిపోయారు.

"ఎందుకు ఆపిండ్రయ్యా?" అన్నాడు పేతురన్న.

"ఒక్కటే కొట్టిండు గద, ఆపినం," అన్నాడు గనిలో టబ్బుల దగ్గర పనిచేసే ముత్యం.

గనిలో బొగ్గు టబ్బులు గుంజే తాడు మొత్తం గంట మీద నడుస్తుందని నీకు చెప్పాను కదా. కింద ఉన్నవాళ్లు తీగ తాకిస్తే పైన నేను నడిపే ఇంజను దగ్గర గంట మోగుతుంది. ఒకటి అంటే ఆపు. రెండు అంటే గుంజు. గుడిలో సగం మంది ఆ పనివాళ్లే. వారమంతా ఒకటి వినగానే ఆగే మనుషులు ఆదివారం మాత్రం ఎట్లా ఆగకుండా ఉంటారు? పాస్టరుగారు కూడా నవ్వు ఆపుకోలేక బైబిలు అడ్డం పెట్టుకున్నారు. అప్పటి నుంచి చరణం చివర రెండు కొడుతున్నాను. పాట బ్రహ్మాండంగా ముందుకు పోతుంది.

ఆ పెట్టెకు సుతి నిలవదు, ఎండకు ఒకటి వానకు ఒకటి. అందుకే దసరా సెలవులో ఎల్లేశం, నేను కాజీపేట పోయాము. అక్కడ రైల్వేలో గార్డు పని చేసి దిగిపోయిన ఒక ఆంగ్లో ఇండియన్ ముసలాయన ఉన్నాడు. డాన్సుల బ్యాండులో ముప్పై ఏండ్లు వాయించాడట. ఇప్పుడు వేళ్లు వంగక, ఉన్న రెండు బాసు గిటార్లలో, అంటే కింది మోత పలికే నాలుగు తీగల వాటిలో, ఒకటి ఇచ్చేస్తానన్నాడు. ఒకటి ఎర్రది, తేలిక, పెండ్లికొడుకు లెక్క తళతళలాడుతుంది. ఇంకోటి గోధుమరంగుది, బరువు, మెడ పొడుగు, రంగు గీసుకుపోయింది. ఎల్లేశం ఎర్రదాన్ని వదలడు. "గిది పట్టుకుంటే నువ్వు సిన్మల ఉన్నట్టున్నవ్ రా!" అన్నాడు.

నేను కరెంటు పెట్టనివ్వలేదు. ఒక్కొక్కటీ ఒళ్లో పెట్టుకొని, పక్కటెముకలకు ఆనించి, లావు తీగను మీటి కండ్లు మూసుకున్నాను. ఎర్రదాని మోత కొట్టగానే చచ్చింది. గోధుమది మాత్రం పోతూనే ఉంది, ఇంకా పోతూనే ఉంది. ముసలాయన నన్ను చూసి తల ఊపి ఏదో అన్నాడు. అదే తెచ్చుకున్నాను. పాత తీగలు తీసేసి, తన దగ్గర దాచుకున్న కొత్తవి ఎక్కించి ఇచ్చాడు. వాటికి పైన పట్టీ చుట్టి ఉంటుంది, నున్నగా ఉంటాయి, వేలు జారితే కీచుమనవు.

ఈ గిటారు కరెంటుది, దాని మోత పెంచే స్పీకరు పెట్టె ఉండాలి. ఆ మోతపెట్టెను ఎల్లేశమే చేశాడు, గనిలో ఎలక్ట్రీషియన్ కదా. హుజూరాబాద్‌లో మూలకు పడేసిన టాకీసు స్పీకరు ఒకటి పట్టుకొచ్చి, పాత రేడియో సామాను కలిపాడు. దాన్ని దేంట్లో బిగించాడో చెప్పుకో. నా మందుగుండు పెట్టెలోనే! అదీ పెట్టె కథ. పారేయలేదు, దానికి ప్రమోషన్ వచ్చింది.

ఇప్పుడు సాయంత్రం పని నుంచి వచ్చి, స్నానం చేసి, చాయ తాగి వాకిట్లో కూర్చుంటాను. వేళ్లు బొబ్బలెక్కి కాయలు కాశాయి. పెద్ద విద్యేం రాలేదు, నాలుగైదు పాటలకు అడుగు వేయగలను. గుడిలో ఇది మోగుతున్నంతసేపు ఎవరూ నన్ను చూడరు. ఆపితే మాత్రం ఏదో పోగొట్టుకున్నట్టు అందరూ వెనక్కి తిరుగుతారు. నాకు ఆ చోటు ఇష్టం.

మూడోది, సైకిలు ఎందుకు అమ్మావని అడిగావు. గిటారు కోసం అని పోయిన జాబులో రాశాను. అది సగమే నిజం. వెనక వచ్చే లారీల హారన్ నాకు వినపడడం లేదు. ఆగస్టులో ఒక లారీ నా చొక్కాకు రాసుకుంటూ పోయింది, డ్రైవరు దిగి తిట్టాడు. అతని నోరు కదలడమే చూశాను.

ఇక నాలుగోది వచ్చేసింది.

నాకు చెవులు పోతున్నాయి సంతోషమ్మా. మొత్తం కాదు. ఇంజను మోత, ఉరుము, లారీ దడదడ వినిపిస్తాయి. సన్నటివి పోయాయి. పిట్టలు పోయాయి. హార్మోనియం పైమెట్లు పోయాయి. ఎండాకాలంలో నువ్వు రోలు దగ్గర పాడుతుంటే పెదవులు చూసి తల ఊపాను, నువ్వు సంబరపడ్డావు. నాలుగు తీగలే ఎందుకంటే, నాకు మిగిలింది ఆ కింది మోతే. ఆరు తీగలది తెచ్చుకుంటే సగం పాట నాకు ఉండదు.

ఇంతే అయితే ఇన్ని రోజులు దాచకపోదును. ఇంజను నడిపేవాడు గంట వినాలి. సెప్టెంబరులో ఒకరోజు కిందినుంచి ఒక్క గంట కొట్టారు. నేను వినలేదు, ఇంజను ఆపలేదు. టబ్బు పట్టాలు తప్పింది. దాని పక్కన ముత్యం ఉన్నాడు. గోడవార గుంటలోకి దూకి బతికాడు. పైకి వచ్చి "గంట కొట్టిన, మోగలేదా?" అన్నాడు. నేను "మోగలేదు" అన్నాను. గంట తీగ చెడిందని రాసుకున్నారు. తీగలు చూసేది ఎల్లేశం. చేయని తప్పుకు మూడు రోజులు పని బందు పెట్టి ఇంట్లో కూర్చోబెట్టారు. నేను నోరు విప్పలేదు. ఆ తర్వాత అదే మనిషి కాజీపేట నుంచి నా గిటారు భుజాన మోసుకొచ్చాడు. మోతపెట్టె చేసి పెట్టాడు. నేను చేయించుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను ఇది రాస్తుంటే.

పోయిన సోమవారం గనిలో మా పైఅధికారి ఓవర్‌మన్ దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. ముత్యానికీ చెప్పాను. నేను వినని ఆ ఒక్క గంటకు అతని ఇల్లు మునిగేది. ముత్యం "పానమైతె ఉన్నది గద, పో" అన్నాడు. ఎల్లేశం పేరు మీద రాసింది కొట్టేశారు. డాక్టరు చూసి, ఇంజను మోతకు దూరంగా ఉంటే మిగిలింది నిలుస్తుందన్నాడు. ఇప్పుడు నేను లాంపుల గదిలో పని చేస్తున్నాను. గనిలోకి దిగేవాళ్లకు దీపాలు ఇచ్చి, వచ్చాక తీసుకుంటాను. జీతం తగ్గింది. నువ్వు పరేషాన్ కావద్దు, ఇల్లు నడుస్తుంది.

ఎల్లేశం నాలుగు రోజులు నా గడప తొక్కలేదు. ఐదో రోజు స్క్రూడ్రైవరు పట్టుకొని వచ్చి, నా మోతపెట్టె ముందు కూర్చున్నాడు.

"గీ పెట్టె సన్నగ గుయ్యిమంటున్నది. నీకు ఇనవడది, మాకు ఇనవడ్తది," అన్నాడు, నా మొహానికి ఎదురుగా, నెమ్మదిగా. "నీ చెవులు పోయినయ్ గని నా కండ్లు పోలే. గా ముసలాయన మాట్లాడుతుంటె నువ్వు ఆయన మూతి దిక్కే చూస్తుంటివి. గప్పుడే ఎర్కయింది నాకు."

"మరి అడగలేదేందిరా?"

"నువ్వే చెప్తవని సూసిన. జర లేట్ చేసినవ్."

నేను ఏడ్చాను సంతోషమ్మా. వాడు తిట్టి, పప్పు తిని పోయాడు.

క్రిస్మస్‌కు పది రోజులు సెలవు అని రాశావు. పెద్దపల్లిలో రైలెక్కే రోజు రాస్తే స్టేషన్‌కు వస్తాను. ఒకవేళ ముందే వచ్చేస్తే, సాయంత్రం వేళకు నేను వాకిట్లో గోడవైపు తిరిగి వాయిస్తుంటాను. గేటు దగ్గర నిలబడి పిలవకు, నాకు వినపడదు, పలకలేదని నీకు కోపం వస్తుంది. చప్పుడు లేకుండా వెనకనుంచి వచ్చి, చేయి చాపి, లావు తీగను రెండుసార్లు మీటు.

రెండు అంటే ఏమిటో నాకు తెలుసు. నువ్వు గుంజితే వస్తాను.

ఇట్లు,
నీ జవాబు కోసం రోజూ తపాలా మనిషి దారి చూస్తున్న
నీ పెనిమిటి,
తోమాసు